బీకాం ఎక్కడ చదివితే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు పిలుస్తుంది?

అడిగింది దామలచెరువులో మామిడి మండీ నడిపే ఒక అన్న. వాళ్ల పాప తిరుపతిలో ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం చదువుతోంది, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లాలంటోంది. ఇంట్లో మూడు మాటలు నలుగుతున్నాయి. తిరుపతిలోనే పద్మావతి డిగ్రీ కాలేజీలో బీకాం చేస్తూ సీఏ చదవడం ఒకటి. సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశపరీక్ష) రాసి ఢిల్లీ పోవడం రెండోది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్లు ‘బీబీఏ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్’ అని మూడేళ్లకు పద్దెనిమిది లక్షలు చెప్తున్నారు, అది మూడోది. ఏది మేలు?

అన్నా, నా మాట ముందే చెప్పేస్తాను. ఢిల్లీలో మంచి కాలేజీ వస్తే పంపండి. రాకపోతే తిరుపతిలోనో చెన్నైలోనో తక్కువ ఫీజు బీకాం, దానితో సీఏ. ఆ పద్దెనిమిది లక్షల కోర్సు మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

మొదట ఆ పేరు సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్లో ‘మా వాడు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేస్తున్నాడు’ అనే మాట కింద రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఒకటి డీల్ చేసే పని: కంపెనీలను కొనిపించడం, అమ్మించడం, విలీనాలు, ఐపీఓలు (కంపెనీ షేర్లను మొదటిసారి జనానికి అమ్మడం), బాండ్ల ఇష్యూలు. మన దేశంలో ఇది ఎక్కువగా ముంబైలో జరుగుతుంది, టీంలు చిన్నవి. రెండోది అవే బ్యాంకులకు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పెద్ద ఆఫీసుల్లో జరిగే పని. గోల్డ్‌మన్ శాక్స్‌కు బెంగళూరులో 2004 నుంచి, హైదరాబాద్‌లో 2021 నుంచి ఆఫీసులున్నాయి. జేపీ మోర్గాన్, యూబీఎస్, వెల్స్ ఫార్గో కూడా హైదరాబాద్‌లో వేలమందితో నడుస్తున్నాయి. అక్కడ టెక్నాలజీ, రిస్క్, ఆపరేషన్స్ ఉద్యోగాలే ఎక్కువ. అవి మంచి ఉద్యోగాలే, చిన్నచూపు అక్కర్లేదు. కానీ అక్కడ చేరితే రెండేళ్లకు డీల్ టీంలోకి పంపిస్తారన్న మాట నమ్మకండి. ఆపరేషన్స్ నుంచి డీల్ వైపు మారేవాళ్లు అరుదు.

ఏ ఉద్యోగం ఏదో తెలుసుకోవడానికి ఆఫర్‌లోని పని వివరణ చదివితే చాలు. ట్రేడ్ సెటిల్‌మెంట్, రికన్సిలియేషన్, కార్పొరేట్ యాక్షన్స్, కేవైసీ అన్న మాటలు కనిపిస్తే అది ఆపరేషన్స్. వాల్యుయేషన్, పిచ్ బుక్, డ్యూ డిలిజెన్స్, ఆఫర్ డాక్యుమెంట్ అని ఉంటే డీల్ పని. మధ్యలో ఇంకొకటుంది: లండన్, న్యూయార్క్ టీంలకు ఇక్కడినుంచి కంపెనీ ప్రొఫైళ్లు, పోలిక పట్టికలు తయారుచేసిచ్చే అనలిస్టు టీంలు. డీల్ పనికి దగ్గరగా ఉండేది ఇదే. ఇక్కడినుంచి ముంబైలోని చిన్న బ్యాంకులకు మారడం సాధ్యమే. అమీర్‌పేటలో ఆరు నెలల ‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్’ సర్టిఫికెట్ అమ్మేవాళ్లు నేర్పేది మాత్రం దాదాపు అంతా ఆపరేషన్స్ పనే.

ఇక కాలేజీ ఎందుకు ముఖ్యమవుతుంది? డీల్ టీంలో ఏటా తీసుకునేది కొద్దిమందిని, దరఖాస్తులు లెక్కలేనన్ని. వాటన్నిటినీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఆ వడపోత పనిని ప్రవేశపరీక్షలకు వదిలేస్తారు. క్యాట్‌లోనో జేఈఈలోనో సీయూఈటీలోనో లక్షలమందిలో ముందు వచ్చినవాళ్లు ఒకచోట దొరుకుతారు కాబట్టి అక్కడికే పోతారు. కాలేజీలో పాఠం గొప్పగా చెప్తారని కాదు. ఎస్వీ ఆర్ట్స్‌లో చెప్పే అకౌంటెన్సీ, ఢిల్లీలో చెప్పే అకౌంటెన్సీ ఒకటే. డెబిట్ ఎడమవైపే ఉంటుంది రెండుచోట్లా. తేడా అల్లా క్యాంపస్‌కు ఎవరు వస్తారన్నదే. అక్కడ చదివి బ్యాంకులో చేరిన సీనియర్ తర్వాతి ఏడాది జూనియర్ల సీవీలు తనే చూస్తాడు, వరస అలా సాగిపోతుంది.

ఇందులో చాలామందికి తెలియనిది టైం సంగతి. ఐఐఎంలో జూన్‌లో చేరితే మొదటి ఏడాది శీతాకాలం లోపే సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఎంపికలు అయిపోతాయి. డీల్ టీంలు ఉద్యోగానికి తీసుకునేది ఎక్కువగా ఆ ఎనిమిది, పది వారాల ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లలోంచే. అంటే అహ్మదాబాద్‌లోనో బెంగళూరులోనో ఎంబీఏ పాఠాలు సరిగ్గా మొదలుకాకముందే షార్ట్‌లిస్టు పడిపోతుంది. అప్పుడు సీవీలో చూడటానికి ఏముంటుంది? పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, సీఏ ర్యాంకు, అంతకుముందు చేసిన ఉద్యోగం. ‘డిగ్రీ ఎక్కడైనా చేద్దాం, ఎంబీఏ మంచిచోట చేస్తే సరి’ అన్న లెక్క సగమే నిజం. డిగ్రీ ఎక్కడ చేశామన్నదానికన్నా, డిగ్రీ ఎలా చేశామన్నది అక్కడ బయటపడుతుంది. ఐఐఎం బెంగళూరు లాంటిచోట క్యాట్ తర్వాత ఇంటర్వ్యూకు పిలిచే లెక్కలోనే పది, ఇంటర్ మార్కులు కలుస్తాయి. పాప ఇప్పుడు రాయబోయే ఇంటర్ పరీక్షలు ఆరేళ్ల తర్వాత కూడా లెక్కకొస్తాయని ఆమెకు చెప్పండి.

ఢిల్లీ దారి చూద్దాం. డిగ్రీ పూర్తికాగానే అనలిస్టు ఉద్యోగాలకు పెద్ద బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు వచ్చే కాలేజీలు దేశంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, సెయింట్ స్టీఫెన్స్, హిందూ, అమ్మాయిలకు లేడీ శ్రీరామ్, ఇవి వాటిలో ముందుంటాయి. మనవాళ్లకు అంతగా తెలియనిది షహీద్ సుఖ్‌దేవ్ కాలేజ్ ఆఫ్ బిజినెస్ స్టడీస్. అందులో ఫైనాన్షియల్ ఇన్వెస్ట్‌మెంట్ అనాలిసిస్ అన్న బీబీఏ ఉంది. బెంగళూరువాళ్లు పద్దెనిమిది లక్షలకు పేరు మాత్రం పెట్టి అమ్ముతున్న చదువు, ప్రభుత్వ ఫీజులో ఇక్కడ నిజంగానే ఉంది.

2022 నుంచి ఢిల్లీ యూనివర్సిటీలో సీటు సీయూఈటీ మార్కుల మీదే. ఇంటర్‌లో తొంభై ఎనిమిది శాతం వచ్చినా సీటుకు అది పనికిరాదు. పాపది ఎంఈసీ కావడం ఇక్కడ కలిసొచ్చేది. ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో గణితం రాయక తప్పదు, సుఖ్‌దేవ్ బీబీఏకు ఇంగ్లీషు, గణితంతోపాటు జనరల్ టెస్టు కూడా కావాలి. సీఈసీ పిల్లలకు ఈ రెండూ చేజారతాయి. ప్రశ్నలు వచ్చేది మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల నుంచి. మన ఇంటర్ బోర్డు పుస్తకంలో ఉన్నదీ, అందులో ఉన్నదీ అన్నిచోట్లా కలవదు. అందుకని ఎన్‌సీఈఆర్‌టీ అకౌంటెన్సీ రెండు భాగాలు, గణితం రెండు భాగాలు కొని, ఇంటర్ పరీక్షలు అవగానే కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. శ్రీరామ్ బీకాం ఆనర్స్‌కు జనరల్ కోటాలో దాదాపు పూర్తి మార్కులు రావాలి. కాబట్టి ఒక్క కాలేజీ మీద ఆశ పెట్టుకోకుండా ఇష్టాల జాబితాలో హన్స్‌రాజ్ వంటివి కూడా వరసగా పెట్టాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గర. సచివాలయంలో ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఢిల్లీలో చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో జారీ అయినది. రాష్ట్ర జాబితాలో బీసీ అయిన కులం కేంద్ర జాబితాలో కూడా ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అంతే, ఏటా కొత్తది తీసుకోవాలి. ఏప్రిల్ మొదటివారంలోనే దరఖాస్తు పెట్టండి. జూన్‌లో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే అందదు.

ఢిల్లీ రాలేదనుకోండి. అక్కడ ఆగిపోనక్కర్లేదు. కాలేజీ పేరు చేసే వడపోతను ఇంకో పరీక్ష చేయగలిగితే కాలేజీ పేరు అడిగేవాళ్లు తగ్గిపోతారు. కామర్స్ పిల్లలకు ఆ పరీక్ష సీఏ. కొటక్ మహీంద్రా క్యాపిటల్, జేఎం ఫైనాన్షియల్, యాక్సిస్ క్యాపిటల్ వంటి మన దేశీ బ్యాంకుల డీల్ టీంలలో సీఏలు నిండుగా ఉంటారు. వాళ్లను బీకాం ఎక్కడ చేశావని అడగరు. ఎన్ని అటెంప్టుల్లో పాసయ్యావు, ఆర్టికల్‌షిప్ (ఆడిటరు దగ్గర చేసే శిక్షణ) ఎక్కడ చేశావు, ర్యాంకు వచ్చిందా, ఈ మూడే అడుగుతారు.

అటెంప్టు మాట వివరంగా చెప్పాలి. సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్‌కు పదో తరగతి పాసైతే చాలు, రిజిస్టర్ చేసుకోవచ్చు, పరీక్ష మాత్రం ఇంటర్ పాసయ్యాకే. నాలుగు పేపర్లు. ఒక్కోదానిలో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. చివరి రెండు పేపర్లు ఆబ్జెక్టివ్, తప్పుకు పావు మార్కు పోతుంది. తర్వాత సీఏ ఇంటర్మీడియట్, రెండు గ్రూపులు, ఆరు పేపర్లు. దాని తర్వాత రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (2023కు ముందు మూడేళ్లుండేది), ఆరు నెలల చదువు, ఫైనల్. అన్నీ కుదిరితే డిగ్రీ అయిన ఏడాదికి సీఏ చేతికొస్తుంది. ఇంటర్మీడియట్, ఫైనల్ రెండూ ‘రెండు గ్రూపులు కలిపి మొదటి అటెంప్టు’లో పాసైనవాళ్ల సీవీ ఒక దొంతరలో, మిగతావాళ్లది ఇంకో దొంతరలో పెడతారు. ఒక గ్రూపు ఇప్పుడు, ఒక గ్రూపు తర్వాత రాస్తే పాసవ్వడం సులువే. సీఏ అయిపోవడమే లక్ష్యమైతే అది తెలివైన పనే. కానీ డీల్ టీం కావాలంటే రెండు గ్రూపులూ కలిపి రాయాలి, సిద్ధం కాలేదనిపిస్తే ఒక అటెంప్టు వదిలేసి తర్వాతి దానికి పోవాలి. 2024 నుంచి ఇంటర్మీడియట్ ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు కాబట్టి వదిలితే పోయేది నాలుగు నెలలే.

రెండోది ఆర్టికల్‌షిప్. తిరుపతిలో మంచి ఆడిటర్లున్నారు. కానీ ఇక్కడి పని ఎక్కువగా జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్, బ్యాంకు బ్రాంచి ఆడిట్లు. లిస్టెడ్ కంపెనీ కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలన్నీ ఒకటిగా కలపడం) ఎలా ఉంటుందో, విలీనంలో గుడ్‌విల్ (ఆస్తుల విలువకన్నా ఎక్కువ ఇచ్చిన మొత్తం) ఎలా లెక్కిస్తారో చూడాలంటే చెన్నైకో హైదరాబాద్‌కో పోవాలి. ‘బిగ్ ఫోర్’ అనే నాలుగు పెద్ద ఆడిట్ సంస్థల్లోనో, వాటి తర్వాతి వరస ఫర్మ్‌లోనో చేరాలి. చేరాక నచ్చలేదని మారడం తేలిక కాదు, ట్రాన్స్‌ఫర్‌కు ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నిబంధనలు గట్టివి. ‘ముందు ఇక్కడ చేరదాం, తర్వాత చూద్దాం’ అన్నవాళ్లు రెండేళ్లూ అక్కడే ఉండిపోతారు. చివరి ఏడాదిలో 9 నుంచి 12 నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌గా ఏదైనా కంపెనీ ఫైనాన్స్ విభాగంలో చేసే అవకాశముంది. బ్యాంకుల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

అందుకే నాకు చెన్నై మాట తిరుపతికన్నా ఒక మెట్టు పైన అనిపిస్తుంది. ఎతిరాజ్, స్టెల్లా మారిస్, ఎం.ఓ.పి. వైష్ణవ్ అమ్మాయిలకు మంచి కాలేజీలు. చెన్నైలో చాలా కాలేజీలు షిఫ్టుల్లో నడుస్తాయి కాబట్టి ఆర్టికల్‌షిప్‌తో కుదుర్చుకోవచ్చు. వారానికి 35 గంటలు ఆఫీసులో ఉండాలి. రెగ్యులర్ డిగ్రీ పక్కన చేస్తుంటే ఫారం 112తో ఇన్‌స్టిట్యూట్ అనుమతి తీసుకోవాలి. ఇది మరిచిపోయి తర్వాత ఇబ్బంది పడేవాళ్లున్నారు. పాపను ఇల్లు దాటించడం ఇష్టం లేకపోతే పద్మావతిలో బీకాం చేస్తూ ఫౌండేషన్, సీఏ ఇంటర్మీడియట్ ముగించి, ఆర్టికల్‌షిప్‌కు మాత్రం చెన్నై పంపండి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు, మూడున్నర గంటల దూరమే కదా.

ఇప్పుడు ఆ పద్దెనిమిది లక్షలు. కోర్సు పేరులో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఉందని ఏ బ్యాంకూ రాదు. వాళ్ల ప్లేస్‌మెంట్ పుస్తకంలో పెద్ద బ్యాంకుల లోగోలుంటాయి. అడగాల్సినది లోగో కాదు. ఆ బ్యాంకు ఏ ఉద్యోగానికి తీసుకుంది, ఎంతమందిని, ఏ బ్రాంచి వాళ్లను? తీసుకున్నది కంప్యూటర్ సైన్స్ పిల్లలను అయితే బీబీఏ పాపకు దానితో సంబంధం లేదు. సగటు ప్యాకేజీ చెప్తే మధ్యస్థం అడగండి, అంటే వరసలో సరిగ్గా నడిమివాడిది. ఒకరిద్దరి పెద్ద జీతాలతో సగటు ఊదుకుపోతుంది. వాళ్లు చెప్పకపోతే లింక్డ్‌ఇన్‌లో మీరే చూసుకోవచ్చు. ఆ కాలేజీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల్లో గత మూడేళ్ల బ్యాచ్‌లు ఎంచి, బ్యాంకుల పేర్లతో వెతికితే ఎవరు ఎక్కడ ఏ హోదాలో ఉన్నారో తెలిసిపోతుంది. ‘అనలిస్ట్, ముంబై, ఎం అండ్ ఏ’ (అంటే విలీనాలు, కొనుగోళ్లు) అని ముగ్గురైనా దొరికితే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఆ డబ్బులో నాలుగో వంతుతో సీఏ, చెన్నై హాస్టల్, క్యాట్ కోచింగ్ అన్నీ అయిపోతాయి.

పేరున్న కాలేజీ లేనివాళ్లకు మిగిలిన ఆయుధం పని చేసి చూపించడం. దీనికి మన ఇంటి పక్కనే సరుకుంది. తిరుపతి నుంచి కాళహస్తి పోయే దారిలో రాచగున్నేరి దగ్గర పైపుల ఫ్యాక్టరీ ఉంది కదా, ఒకప్పుడు ల్యాంకో ఇండస్ట్రీస్, తర్వాత శ్రీకాళహస్తి పైప్స్. దాన్ని ఎలక్ట్రోస్టీల్ క్యాస్టింగ్స్‌లో కలపాలని 2020లో ప్రకటించారు. శ్రీకాళహస్తి షేర్లు 10 ఉన్నవాళ్లకు ఎలక్ట్రోస్టీల్ షేర్లు 59. మొదటిదాని ముఖవిలువ పది రూపాయలు, రెండోదానిది ఒక రూపాయి. విలీన పథకం, వాల్యుయేషన్ రిపోర్టు, మర్చంట్ బ్యాంకరు ఇచ్చిన ఫెయిర్‌నెస్ ఒపీనియన్ (ఆ నిష్పత్తి న్యాయంగానే ఉందన్న అభిప్రాయం) అన్నీ బయట దొరికే కాగితాలే. పాప డిగ్రీ రెండో ఏట ఇవి చదివి, ఆ 59 ఎలా వచ్చిందో ఎక్సెల్‌లో తనే కట్టి చూడాలి. పిల్లలు ఇక్కడ చేసే తప్పు ఒకటే: శ్రీకాళహస్తి మొత్తం షేర్లను 5.9తో గుణించి కొత్త షేర్లు ఇన్ని అంటారు. ఎలక్ట్రోస్టీల్‌కు అప్పటికే శ్రీకాళహస్తిలో పెద్ద వాటా ఉంది. ఆ వాటా విలీనంతో రద్దవుతుంది, దానికి కొత్త షేర్లు పుట్టవు. దీన్ని ఇంటర్వ్యూలో తనంతట తాను చెప్పిన పిల్లను తిరుపతి పిల్ల అని ఎవరూ పక్కన పెట్టరు.

రెండో అభ్యాసానికి బ్యాటరీల కంపెనీ అమర రాజా తీసుకోవచ్చు. ఐదేళ్ల లెక్కలు, సీసం ధర మారితే లాభం ఎలా మారుతుంది, ఎక్సైడ్‌తో పోలిక. ఇలా ఎక్సెల్‌లో కట్టిన మోడల్‌లో బ్యాలెన్స్ షీట్ కలవకపోతే ‘ఇతరములు’ అని ఒక వరస పెట్టి కలిపేయకూడదు. నికర అప్పులో లీజు బాకీలు మరవకూడదు. అంచనా వేసిన చివరి ఏడాది తర్వాత కంపెనీ ఎప్పటికీ పెరిగే రేటును ఎనిమిది, తొమ్మిది శాతం పెడితే ఏ కంపెనీ అయినా బంగారమే అవుతుంది, అందుకే చూసేవాళ్లు మొదట ఆ గడే తెరుస్తారు.

మీ మండీ కూడా ఆమెకు ఆస్తే అన్నా. పల్ప్ ఫ్యాక్టరీలు తోతాపురి కొనేది జూన్, జులైల్లో, అమ్ముకునేది ఏడాదంతా. మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో సరుకు నిల్వ, బ్యాంకు అప్పు రెండూ తక్కువగా కనిపిస్తాయి. ఆగస్టులో చూస్తే అప్పు కొండంత. ఆ కంపెనీకి విలువ కట్టేటప్పుడు మార్చి అప్పునే తీసుకుంటే లెక్క తప్పుతుంది. ఇది పుస్తకంలో దొరకదు, ఆమెకు ఇంట్లోనే తెలుసు.

ఇలా తయారైన రెండు ఫైళ్లు, ఒక పేజీ సీవీ పట్టుకుని ఇంటర్న్‌షిప్‌కు మొదట అడగాల్సింది పెద్ద బ్యాంకులను కాదు, ఎస్ఎంఈ ఐపీఓలు చేసే చిన్న మర్చంట్ బ్యాంకర్లను. 2012లో బీఎస్ఈ, ఎన్ఎస్ఈ రెండూ చిన్న కంపెనీలకు వేరే వేదికలు పెట్టాయి. ఇష్యూ తర్వాత చెల్లించిన మూలధనం 25 కోట్ల లోపు ఉండే కంపెనీలు అక్కడికొస్తాయి. ఆ ఇష్యూలు నడిపే ఆఫీసుల్లో మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఆఫర్ డాక్యుమెంట్‌లో రిస్కుల అధ్యాయం రాయడం, ప్రమోటరు మీద కేసులు వెతకడం, మూడేళ్ల లెక్కలు సరిచూడటం ఇంటర్న్ చేతికే వస్తాయి. ఈమెయిల్ అయిదు వరుసలు దాటకూడదు, ఆ ఆఫీసు ఇటీవల చేసిన ఒక ఇష్యూ పేరు అందులో ఉండాలి.

అమెరికా ఎంఎస్ గురించి కూడా అడిగారు. అక్కడి బ్యాంకులు ఇంటర్న్‌లను ఏడాదికన్నా ముందే ఎంచుకుంటాయి, తమకు అలవాటైన కాలేజీల నుంచే ఎక్కువగా. ఏడాది, ఏడాదిన్నర కోర్సుకు ఆగస్టులో దిగిన పిల్ల అక్కడి దారులు తెలుసుకునేసరికే ఆ ఎంపికలు ముగిసి ఉంటాయి. వీసా స్పాన్సర్ చేయాలన్న అడ్డు దానిమీద ఇంకొకటి. డీల్ పని కోసం అప్పు చేసి సాధారణ యూనివర్సిటీకి పంపకండి.

ఇక ఈ ఏడాదికి ఒక్క చిక్కు. సీయూఈటీ మే, జూన్‌లో జరుగుతుంది, సీఏ ఫౌండేషన్ కూడా మే, జూన్‌లోనే ఒకటి ఉంటుంది. రెండింటికీ ఒకేసారి చదివితే రెండూ చెడతాయి. ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేయించండి, పరీక్షకు ముందు నాలుగు నెలలు గడవాలి కాబట్టి. పరీక్ష మాత్రం సెప్టెంబరుకు పెట్టుకోండి. అప్పటికి ఢిల్లీ సీటు సంగతి తేలిపోయి ఉంటుంది.